నన్ను రుజువుగా పిలిచిన సభ

హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా రాజమండ్రి వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు: "ఏమ్మా, దేవుడు గెలిచాడా, ఓడిపోయాడా?" కోడిపందెం చూసొచ్చినవాళ్లను అడిగినట్టు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాసేస్తున్నాను. ఆ ఊరు చూడనివాళ్లకు ఊరి సంగతులు కూడా కొన్ని తెలుస్తాయి.

ముందు నేనెవరో చెప్పాలి. పేరు సుభద్ర, ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మొన్న శివరాత్రి తీర్థం నుంచి వస్తూ గోదావరి పాయ దాటుతుంటే మా పడవ బోల్తా పడింది. ఎక్కాల్సినదానికి రెట్టింపు మందిని ఎక్కించాడు సరంగు. ప్రాణంతో ఒడ్డుకు చేరింది నేనొక్కదాన్నే. ఈ సంగతి హైదరాబాదులో ఉన్న మా అక్క కామేశ్వరికీ, ఆవిడ ద్వారా మా బావకూ తెలిసింది. బావ అక్కడ విఠలయ్య సేటు అనే బట్టల వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆషాఢంలో ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. నాంపల్లిలో సేటుగారి బంగళాలో దేవుడున్నాడా లేడా అని పెద్దవాళ్లు వాదించుకోబోతున్నారట. నన్ను చూడాలనుకుంటున్నారట. రానూపోనూ ఖర్చులు సేటుగారివేనట.

"చూడాలనుకుంటున్నారు" అన్న మాటలో ఏముందో నాకప్పుడు తట్టలేదు. అక్కను చూసి మూడేళ్లయింది, ఆ మాటే మనసులో పడింది. మా ఆయన బెజవాడ దాకా వచ్చి, ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి వెనక్కి వెళ్లారు.

కాజీపేట దాటాక

మా వైపు రైల్లో కూర్చుంటే కిటికీలో నీళ్లూ వరీ తప్ప ఏమీ కనబడవు. అక్కడ రాళ్లు. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. వాటి మధ్య తాటిచెట్లు, జొన్నచేలు. మేకలు కాసే ఆడవాళ్లు రైలు వంక తలెత్తి కూడా చూడరు.

కాజీపేటలో బురఖా వేసుకున్న ఒక ముసలమ్మ ఎక్కింది. తలుపు మూయగానే ముసుగు వెనక్కి తీసి, మూట విప్పి, జామకాయ కోసి ఉప్పద్ది పెట్టెలో అందరికీ తలొక ముక్క పెట్టింది. కులం ఏమిటని ఎవరినీ అడగలేదు. మా వైపు రైల్లో మంచినీళ్ల చెంబు అందుకునే ముందు ఇంటిపేరు దాకా ఆరా తీస్తారు.

"ఎందుకు పోతున్నవ్ బిడ్డా?" అని నన్నడిగింది. చెప్పాను. నమలడం ఆపింది.

"ఖుదా ఉన్నడా లేడా అని బహస్ పెట్టిన్రా?"

"అవునండి."

"ఆయనకు ఖబర్ చేసిన్రా మరి?"

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నవ్వుడెందుకు? పంచాయితీ అంటె ఇద్దర్నీ పిలవాలె గద," అంది. సికింద్రాబాదులో దిగేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, మనవడు చేతికర్ర అందిస్తే పట్టుకుని వెళ్లిపోయింది. ఆ యాత్రలో దేవుడి గురించి నేను విన్న మాటల్లో నాకు కోపం తెప్పించనిది అదొక్కటే.

నాంపల్లి స్టేషను

నిజాం రాజ్యంలో దిగినవాళ్ల సామాను సుంకం జవాన్లు సోదా చేస్తారు. అక్క కోసం ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, అరిటాకులో చుట్టి, అట్టపెట్టెలో భద్రంగా పెట్టుకొచ్చాను. జవాను పెట్టె తెరిచి అనుమానంగా చూశాడు.

"యే క్యా? కాగజ్?"

"కాగితాలు కావు నాయనా, తినేవి," అన్నాను. అతనికి తెలుగు రాదు, నాకు ఉర్దూ రాదు. ఒక్కొక్క రేకు విప్పి, దీపానికి ఎదురుగా పట్టి, మీద ఏమైనా రాసి ఉందేమోనని చూశాడు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే తేలిపోయేది. చేత్తో సైగ చేసి మరీ తినమన్నాను. ససేమిరా అన్నాడు. పెట్టె నాకు తిరిగిచ్చేసరికి అందులో పొడి మిగిలింది. ఈలోగా బావ వచ్చి నాకంటే ముందు ఆ జవానుకు మూడు సలాములు కొట్టాడు.

బయట మన రూపాయి ఇస్తే వాళ్ల హాలీ రూపాయి, పైన రెండణాల చిల్లర ఇస్తారు. మన రూపాయికి అక్కడ అంత మర్యాద ఉంది. టాంగాకు చుట్టూ పరదా కట్టించాడు బావ. "ఇక్కడ ఇదే పద్ధతి," అన్నాడు. పరదా సందులోంచి ఒక ఎడ్లబండి చక్రం, ఇరానీ హోటలు మెట్లు, ఎవరివో జరీ చెప్పులు కనబడ్డాయి. నాంపల్లిలోకి నా ప్రవేశం అలా జరిగింది.

అక్కవాళ్లు బాటసారులు దిగే సరాయి వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఇల్లుగలావిడ యాదమ్మ పక్క వాటాలోనే ఉంటుంది. నేను కాళ్లు కడుక్కునేలోగా గిన్నె పట్టుకుని వచ్చింది. "మక్క గారెలు చెల్లె. మీ దిక్కు చేస్కోరంట గద?" అంది. మొక్కజొన్న గింజలతో గారెలా అనుకున్నాను. నాలుగు తిన్నాక అనుకోవడం మానేశాను. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు. మనం వంకాయ కాల్చి వేస్తాం, వాళ్లు ఉల్లిపాయలు పిసికి, నువ్వులపొడి వేసి, పొయ్యి మీద పెట్టకుండానే చేస్తారు. వేసవిలో మనమూ అలా చేసుకోవచ్చు.

ఆబిడ్స్

మర్నాడు మా ఆయనకు క్షేమంగా చేరానని కార్డు రాయాలని యాదమ్మతో ఆబిడ్స్‌కు వెళ్లాను. పెద్ద టపాఖానాలో కార్డు కొని, అక్కడే నిలబడి రాసి, డబ్బాలో వేయబోతుంటే యాదమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"గది నిజాం టపా. మీ దిక్కు పోదు. ఇంగ్రేజు టపాఖాన వేరే ఉన్నది," అంది.

ముందే చెప్పొచ్చు కదా అన్నాను. "నువ్వు అడగకపోతివి, పంతులమ్మవు, ఎర్కుంటదనుకున్న," అంది. కార్డు దండగ.

ఆబిడ్స్‌లో దుకాణాలకు మనిషెత్తు అద్దాలు. అద్దం వెనక దొరల టోపీలు, తోలుపెట్టెలు, ఒక పింగాణీ కుక్క. లోపలికి వెళ్లడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. ఇరానీ హోటల్లోకి ఆడవాళ్లు వెళ్లరు, చాయ్ బయటికి తెప్పించుకుని చెట్టు కింద తాగాం. పాలు మరిగి మరిగి ఎర్రబడిన ఆ చాయ్ ముందు మా ఇంటి కాఫీ కడుగునీళ్లే.

కప్పులు తిరిగిచ్చి నడుస్తుంటే, టపాఖానా గోడ పక్కన గోనెపట్టా పరిచి ఒకతను చిన్న పుస్తకాలు అమ్ముతున్నాడు. "గోదావరిల దేవుడు అగుపడ్డడు, అర్ధణా, అర్ధణా," అని అరుస్తున్నాడు. గోదావరి పేరు వినబడితే ఆగాను. అట్ట మీద బొమ్మ. అలల మీద ఒక స్త్రీ చేతులు జోడించి నిలబడి ఉంది. చీర మడత కూడా చెదరలేదు. ఆకాశంలోంచి ఒక బాలుడి చెయ్యి దిగి ఆమె కొప్పు మీద ఉంది. బొమ్మ కింద నా పేరు, మా ఊరి పేరు.

అక్కడే నిలబడి చదివాను. నేను తుఫానులో అష్టోత్తరం చదివానట. ఆ రోజు తుఫాను లేదు, గాలి కూడా లేదు. నీలపు చెయ్యి ఒకటి నన్ను ఎత్తి ఒడ్డున పెట్టిందట. అక్కడిదాకా నవ్వి ఊరుకునేదాన్నేమో. ఆ తర్వాత ఇలా ఉంది: పడవలోని మిగతావాళ్లు ఆచారం లేనివాళ్లనీ, నోట నామం పలకనివాళ్లనీ, అందుకే గంగ వాళ్లను మింగిందనీ. చివర్న, ఈ ప్రత్యక్ష నిదర్శనాన్ని కళ్లారా చూడదలచినవారు శుక్రవారం సాయంత్రం సేటుగారి బంగళాకు రావలెనని.

 యాదమ్మకు చదవడం రాదు. "ఏందమ్మా, ఏం రాసిన్రు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ ఆ అమ్మేవాడి వైపు తిరిగి, ఏ ఛాపాఖానాలో అచ్చేశారని ఉర్దూలో దబాయించింది. సేటుగారి మనిషి తెచ్చిచ్చాడని చెప్పాడతను.

సేటుగారి మనిషంటే మా బావ. ఇంటికెళ్లి పుస్తకం ఆయన ముందు పెట్టాను.

"ఎవరు రాశారు బావా ఇది?"

ఆయన కాసేపు అంగీ గుండీలు సర్దుకున్నాడు. "నేనే రాశాను. కథన్నాక కొంచెం మెరుగు పెట్టకపోతే ఎవరు చదువుతారు? అయినా నువ్వు బతికావు కదా. ఆ ఒక్క ముక్కా నిజమే కదా."

"మిగతావాళ్లు పాపులని నీకెవరు చెప్పారు?"

"సేటుగారు అడిగారు. అందరూ ఎందుకు పోయారని చదివినవాడు అడుగుతాడు కదా, దానికొక జవాబుండాలన్నారు." గొంతు తగ్గించాడు. "రేపు సభలో నువ్వు మాట్లాడక్కర్లేదు సుభద్రా. అవునా అని అడిగితే అవునను. నా కొలువు ఆయన చేతిలో ఉంది."

అక్క పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. ఆవిడకు ముందే తెలుసునని ఆ వీపు చూస్తే అర్థమైంది.

సేటుగారి పందిరి

అక్కడ బహిరంగ సభకు సర్కారు అనుమతి కావాలి. అందుకని ఇంట్లో పూజ అని చెప్పి బంగళా పెరట్లో పందిరి వేశారు. మగవాళ్లు తివాచీల మీద, నేనూ అక్కా యాదమ్మా మిగతా ఆడవాళ్లూ పక్కన వెదురు చిక్కుతెర వెనక. తెర సందుల్లోంచి అందర్నీ చూడొచ్చు. మమ్మల్ని ఎవరూ చూడలేరు. బల్ల మీద ఆ పుస్తకాలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. వెళ్లేటప్పుడు అందరికీ పంచుతారట.

దేవుడున్నాడనే పక్షాన ఒక శాస్త్రిగారు. మంచి గొంతు, మంచి శాలువా. లేడనే పక్షాన నర్సింగరావు అనే కుర్ర వకీలు, ఓరుగల్లు వైపు మనిషి. శాస్త్రిగారు కుండను చూపించి కుమ్మరి ఉన్నాడని ఊహిస్తామన్నారు. లోకాన్ని చూస్తే దాన్ని చేసినవాడున్నాడని తెలియడం లేదా అన్నారు.

వకీలు లేచాడు. "కుమ్మరిని నేను చూసిన. వాని ఇల్లు చూపిస్త. మీరు చెప్పేటాయన ఇల్లు చూపిస్తరా?"

జనం నవ్వారు. నేనూ నవ్వాననే ఒప్పుకోవాలి. శాస్త్రిగారు తొణకలేదు. "ఊహించి తెలుసుకునే అనుమాన ప్రమాణం మీకు చాలదు. ప్రత్యక్షం కావాలి. అంతేనా? ప్రత్యక్షం ఆ తెర వెనక కూర్చుని ఉంది," అని నా వైపు చెయ్యి చూపించారు.

పందిరంతా ఇటు తిరిగింది. బావ తెర దగ్గరికి వచ్చి, "అవునను," అని గుసగుసగా అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా వకీలు అందుకున్నాడు. "ఒక్కరు బతికినందుకు దేవుడున్నడంటున్నరు. ఔ, మంచిదే. మునిగినోళ్లంత ఆయన లేడనేటందుకు నా సాక్షులు. రెండు దిక్కుల లెక్క పెట్టున్రి. ఎవరి దిక్కు ఎక్కువున్నరు?"

మళ్లీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. పడవలో నా పక్కన కూర్చున్న పసిపిల్ల చేతిలో తీర్థంలో కొన్న లక్కపిడత ఉంది. ఆ పిల్లను వీళ్లు లెక్కపెడుతున్నారు.

చిక్కుతెర పక్కకు లాగి బయటికొచ్చాను. వెనక నుంచి అక్క నా కొంగు పట్టుకుంది, లాక్కున్నాను.

"మీరు పిలిచిన సాక్షిని నేనే. చెప్తాను, వినండి," అన్నాను. బడిలో నలభై మంది పిల్లల మీద అరిచే గొంతు నాది, పందిరి చివరిదాకా వెళ్లింది. "ఆ పుస్తకంలో రాసింది అబద్ధం. మునిగినవాళ్లలో నోట నామం పలకనివాళ్లు ఎవరూ లేరు. పడవ ఒరిగినప్పుడు అందరూ శివశివా అన్నారు, నా చెవులతో విన్నాను. అననిది నేనొక్కదాన్నే. నాకు ఊపిరాడలేదు.

"నన్ను ఏ నీలపు చెయ్యీ ఎత్తలేదు. తీర్థంలో పాలమ్ముకుని ఖాళీ క్యానుతో వస్తున్న ఒకావిడ పడవలో ఉంది. పేరు నూకాలు. మూత బిగించిన ఖాళీ క్యాను నీళ్లలో తేలుతుంది. ఆవిడ దాన్ని పట్టుకుని ఉంది. నేను మునుగుతుంటే చూసి, నా వైపు తోసింది. 'నాకు ఈతొచ్చమ్మా, నువ్వు పట్టుకో,' అంది. నేను పట్టుకున్నాను. ఆవిడ పోయింది. పదో రోజున వాళ్లూరు వెళ్లి కొడుకుతో చెప్పాను. 'మా అమ్మకి ఈతేటండి, మోకాలు దాటి ఎప్పుడూ నీళ్లలో దిగలేదు,' అన్నాడు. నాకు తెలిసింది ఇంతే."

 అక్కడితో వదిలేసి ఉంటే నేను దండం పెట్టి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

శాస్త్రిగారు చేతులు జోడించారు. "ఇంకేం కావాలి? ఆ స్త్రీ రూపంలో వచ్చినవాడే ఆయన."

"ఒక మనిషి చేసిన పనికి దేవునికి సలాం ఎందుకు?" అన్నాడు వకీలు. "ఆమె చేసింది, ఆమెకే పోవాలె పేరు."

"ఈత రాని మనిషి, అబద్ధమాడి మరీ ప్రాణమిచ్చిందంటే, దైవప్రేరణ లేకుండా అది జరుగుతుందా?"

ఇక్కడ వకీలుకు ఇరుకున పడ్డట్టయింది. "జర ఆగున్రి," అన్నాడు. "ఆమెకు ఈత రాదని రుజువేంది? కొడుకు చెప్పిండంటున్నరు. గది విన్న మాట. కచేరిల చెల్లదు. ఈత వచ్చే ఉండొచ్చు. క్యాను తనకు అక్కర లేదనుకొని ఇచ్చి ఉండొచ్చు."

"నమ్మదగినవాడి మాట, ఆప్తవాక్యం, ఎందుకు చెల్లదు?" అని శాస్త్రిగారు. మాటనే రుజువుగా తీసుకునే శబ్దప్రమాణం మీద ఇద్దరూ పట్టుకున్నారు. కొడుకు ఆప్తుడా కాదా, చచ్చిపోయే మనిషి మాట నమ్మవచ్చా లేదా, నమ్మితే ఈత వచ్చినట్టా రానట్టా. నేను వాళ్లిద్దరి మధ్యా నిలబడే ఉన్నాను. ఒకరు ఆవిడను మనిషి కాదన్నారు, ఒకరు ఆవిడ త్యాగం చేయనే లేదన్నారు. ఇద్దరికీ జనం చప్పట్లు కొట్టారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. బల్ల దగ్గరికి వెళ్లి ఒక పుస్తకం తీసి విఠలయ్య సేటు ముందు పెట్టాను.

"సేటుగారూ, మునిగినవాళ్ల పిల్లలు ఇద్దరు నా బళ్లో చదువుతున్నారు. చదవడం నేనే నేర్పాను. ఇది వాళ్ల చేతికొస్తే, మీ అమ్మ పాపాత్మురాలు కాబట్టి చచ్చిందని చదువుకుంటారు. ఇవి పంచకండి."

సేటు చెడ్డమనిషిలా కనబడలేదు. పెద్దాయన, చేతిలో తులసిమాల. "కోపం చెయ్యకు బిడ్డా," అన్నాడు. "నలుగురికి భక్తి కలుగుతదని చేసిన. ఒక్క మాట అటిటు అయితె ఏంది? పుణ్యమే గద."

"భక్తి కలగడానికి చచ్చినవాళ్ల మీద అబద్ధం చెప్పాలా?"

"కూసో బిడ్డా, గీడ కూసో," అన్నాడాయన. నేను కూర్చోలేదు. టాంగా కోసం కూడా ఆగకుండా యాదమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.

మర్నాడు

బావ నాతో మాట్లాడలేదు. పొద్దున్నే కొలువుకు వెళ్లి మధ్యాహ్నమే వచ్చాడు. ఉద్యోగం పోలేదు గానీ, సేటుగారి గద్దె పక్కనుంచి గోదాముకు మార్చారు. బట్టల బేళ్లు మోయించే పని. అక్క కళ్లు వాచి ఉన్నాయి. ఆ విషయంలో నాకు బాధ లేదని చెప్పను.

వకీలు నర్సింగరావు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి నమస్కారం పెట్టాడు. "నిన్న మీరు మాట్లాడింది మస్తు మంచిగుండె. ఆ పుస్తకానికి జవాబుగ మేమొకటి అచ్చేస్తం. మీరు రెండు ముక్కలు రాసిస్తె చాలు. దేవుడు కాదు, మనిషి కాపాడిండు అని."

"ఏ మనిషి?" అన్నాను.

"గదే, గా పాలామె."

"ఆవిడ పేరేమిటి?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "పోచమ్మ అన్నరు గద?"

"మీకు ఆవిడ పనికొచ్చింది గానీ పేరు గుర్తులేదు," అన్నాను. "ఈతొచ్చే ఉంటుందని కూడా మీరే అన్నారు."

అతని ముఖం వాడిపోయింది. "వాదంల పడితె గట్లనే అయితదమ్మా. తప్పే," అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నూకాలు అని పేరు చెప్పి పంపించాను, గుర్తుపెట్టుకుంటాడో లేదో తెలియదు.

ఆ సాయంత్రం యాదమ్మ ఆబిడ్స్ నుంచి వచ్చి చెప్పింది. పుస్తకం ఇంకా అమ్ముతున్నారట. సభలో గొడవయిందని తెలిసి జనం ఎగబడుతున్నారట. అర్ధణాది అణా చేశారట.

చెప్పి, నా పక్కనే అరుగు మీద కూర్చుంది. చాలాసేపటికి, "నేనైతె గా క్యాను ఇస్తుంటినో లేదో చెల్లె," అంది.

నేనైతే ఇచ్చేదాన్నా అని నేనూ ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ సభ హడావిడిలో ఎవరూ అడగని ప్రశ్న అది.

రైలు కదిలేలోగా

సేటుగారు తిరుగు ఖర్చులివ్వలేదు. నేనడగలేదు. బావ రాలేదు, అక్క ఒక్కతే టాంగాలో స్టేషనుకు వచ్చింది. ఆడవాళ్ల పెట్టె కిటికీ దగ్గర నిలబడి, చువ్వలు పట్టుకుని, అటూ ఇటూ చూసింది.

"దేవుడి పేరు అనలేదన్నావు కదే సభలో. మరి నీళ్లలో ఏమనుకున్నావు? నిజం చెప్పు."

అంతవరకూ నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. శాస్త్రిగారు గానీ, వకీలు గానీ, పుస్తకం రాసిన మా బావ గానీ.

"చీర గురించి," అన్నాను. "నీళ్లు తాగి బరువెక్కి కాళ్లకు చుట్టుకుపోయింది. క్యాను పట్టుకున్నా కాళ్లు ఆడితేగాని ముందుకు వెళ్లను. విప్పేయొచ్చు. కానీ ఒడ్డున మగవాళ్లున్నారు. విప్పనా వద్దా అని ఆలోచించానే అక్కా. ప్రాణం పోతుంటే, అది ఆలోచించాను."

"విప్పావా?"

"విప్పేశాను. ఒడ్డెక్కినప్పుడు లంకపొలంలో పనిచేసుకునే ఒకాయన తలగుడ్డ విసిరి, అటు తిరిగి నుంచున్నాడు."

అక్క చువ్వల మధ్య నుంచి చెయ్యి పెట్టి నా భుజం మీద పమిట సరిచేసింది, అది సరిగానే ఉన్నా. గార్డు ఈల వేశాడు.

"ఇది మాత్రం ఎక్కడా చెప్పకు," అంది రైలుతో పాటు నాలుగడుగులు నడుస్తూ. "పరువు పోతుంది."

నేను ఒక్కమారైనా అననిది అన్నట్టూ, చూడనిది చూసినట్టూ అచ్చేసి ఆబిడ్స్ వీధిలో అణాకు అమ్ముతున్నారు. దానికి ఎవరి పరువూ పోలేదు. అందుకే అక్క మాట వినకుండా దీన్నీ అచ్చుకు ఇస్తున్నాను.